బెల్లం పొయ్యి: గాలికి కట్టిన దారి

నర్సీపట్నం నుంచి అనకాపల్లి దాకా చెరకు పండే ఊళ్లలో చలికాలమంతా బెల్లం వంటే. అక్కడికి వెళ్లినవాళ్లు వేడి బెల్లం రుచి చూసి వచ్చేస్తారు. పొయ్యిని చూసేవాళ్లు తక్కువ. పనితనమంతా దానిలోనే ఉంది.

నేలలోకి తవ్వి కట్టిన పొయ్యికి ఒకవైపు పిప్పి వేసే నోరు, అవతల పొగగొట్టం. మీద వెడల్పాటి పెనం. పెనం అంచు చుట్టూ మట్టి మెత్తి సందు లేకుండా మూసేస్తారు. సందుంటే మంట పక్కకు తన్నుకొస్తుంది, ఈడ్పు చెడుతుంది. గొట్టంలో వేడిగాలి పైకి పోతున్నకొద్దీ కింద కొత్తగాలి తనంతట తానే లోపలికొస్తుంది. ఫ్యాను అక్కర్లేదు. గొట్టం పొట్టిదైతే పొగ వెనక్కి తన్ని, పిప్పి వేసే మనిషి కళ్లు మండిస్తుంది. ఈడ్పు మరీ ఎక్కువైతే వేడి పెనానికి అందకుండా గొట్టంలోంచి పైకి పోతుంది. ఈ రెంటికీ మధ్య కొలత పట్టినవాడే మేస్త్రి. ఏ చెరకు రసమో ఆ చెరకు పిప్పితోనే ఉడకాలి. కట్టెలు కొనాల్సి వచ్చిందంటే ఆ పొయ్యి కుదరనట్టే.

ఇక ఆవిరి సంగతి. చెరకు రసంలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు నీరే. సుమారు 118 డిగ్రీల దగ్గర పాకం దించేలోపు అందులో దాదాపు అంతా ఎగిరిపోవాలి. అందుకే బెల్లం వండే పాకను చుట్టూ తెరిచి ఉంచి, కప్పు ఎత్తుగా వేస్తారు. ఆవిరి కమ్ముకుంటే పెనంలో బుడగలు కనపడవు. బుడగ తీరు చూసే కదా వండేవాడు పాకం తేల్చేది!

ఫిన్లాండ్‌లో ఆవిరి స్నానం చేసే సౌనా గదిలోనూ చిక్కంతా గాలితోనే. ఆ స్నాన సంప్రదాయాన్ని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. గది మామూలుగా 80 డిగ్రీల చుట్టుపక్కల కాగుతుంది. కొత్తగాలి పొయ్యి పక్కనుంచి రావాలి, వాడిన గాలి ఎదురు గోడలోంచి పోవాలి. కట్టెల పొయ్యి గదిలోనే ఉంటే మనిషి పీల్చే గాలినే మంటా లాగేసుకుంటుంది. మన పొయ్యిలో మంట గాలి కింద, ఆవిరి గాలి పైన, దేని దారి దానిదే. ఈ ఏర్పాటే నాకు నచ్చింది. అయితే మన పాకలో వేడిని పట్టి ఉంచే పని లేదు. సౌనా కట్టేవాడికి ఆ బరువు కూడా ఉంది.

ఇంట్లో ఆవిరి గది కట్టించుకునే ఆలోచన ఉంటే టైల్స్ సంగతి తర్వాత చూసుకోండి. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ముందు మేస్త్రిని అడగండి. ఆయన తడుముకుంటే వెంటబెట్టుకుని ఒక బెల్లం పాక దగ్గరికి తీసుకెళ్లండి.