ముసుగు ఎవరి ముందు తీశారు?

సూపర్‌మాన్ బొమ్మల కథల గురించి మనం రాయటమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. నా తరగతిలో చాలామంది పిల్లలకు గురజాడ పాత్రలకన్నా స్పైడర్‌మాన్ ఎక్కువ తెలుసు. వాళ్ల ఊహను పెంచుతున్న కథల్ని చదవకుండానే తోసిపుచ్చే హక్కు విమర్శకుడికి లేదు.

ఈ కథలన్నిటికీ మూలకందం రహస్యం. 1938 జూన్ సంచికతో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్‌మాన్‌ను పరిచయం చేసేనాటికి అమెరికా ఇంకా ఆర్థిక మాంద్యం నుంచి తేరుకోలేదు. విలేకరి క్లార్క్ కెంట్ పైకి పిరికివాడు. చొక్కా కింద అజేయుడు. అవమానాలు దిగమింగే చిరుద్యోగికి ఇంతకన్నా తియ్యని కల ఏముంటుంది? మూడో సంచికలో అతడు గని కార్మికుడి వేషం వేసి, యజమానినీ అతని విందుకొచ్చిన అతిథులనూ గనిలో చిక్కుకునేలా చేస్తాడు. కార్మికుడి ప్రాణభయం ఎలాంటిదో వాళ్లకు ఆ చీకట్లో తెలుస్తుంది. యజమాని మనసు మారుతుంది. మంచి కథే. అయితే ఆ మార్పు కార్మికుల చేతుల మీదుగా జరగదు. 1980లో ఎన్.టి. రామారావు నటించిన తెలుగు 'సూపర్‌మాన్'లో శక్తినిచ్చింది హనుమంతుడు. దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇక రహస్యం బయటపడటం. 2006లో వచ్చిన 'సివిల్ వార్' కథల్లో, అతీతశక్తులున్నవాళ్లంతా ప్రభుత్వం దగ్గర పేర్లు నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. స్పైడర్‌మాన్ విలేకరుల ముందు ముసుగు తీసి, తాను పీటర్ పార్కర్‌నని ప్రకటిస్తాడు. ఫలితం? శత్రువు పంపిన మనిషి తుపాకి గుండు అతని పెద్దమ్మకు తగులుతుంది. 2007లో మొదలైన మరో కథలో పీటర్ సైతానుతో బేరం కుదుర్చుకుంటాడు: పెద్దమ్మ బతుకుతుంది, అతని పెళ్లి లేకుండా పోతుంది, అతనెవరో లోకం మరచిపోతుంది. పేరు చెప్పటానికి మూల్యం ఉంటుందన్నంతవరకూ రచయితలు నిజాయితీగానే రాశారు. పేరు అడిగే రాజ్యం అంటే ఏమిటో 1969లో శ్రీకాకుళం కొండగ్రామాలకు బొమ్మల పుస్తకం చెప్పనక్కరలేకపోయింది. కాని ఆ మూల్యాన్ని సైతాను చేత మాఫీ చేయించటంతోనే కథ కుప్పకూలింది. నెలనెలా అమ్ముడుపోవలసిన సరుకుకు నాయకుడి జీవితంలో తిరిగిరాని మార్పు గిట్టుబాటు కాదు.

ఇది చదువుతున్నంతసేపూ నాకు మా విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన నాటకమే గుర్తొచ్చింది. 'కన్యాశుల్కం' నిండా మారువేషాలే. సుబ్బిని కాపాడటానికి మహేశం ఆడపిల్ల వేషం వేస్తాడు. ఆ పెళ్లికూతురు మాయమైపోవటంతో లుబ్ధావధాన్లు మీద ఖూనీకేసు పడుతుంది. 1909 నాటి రూపంలో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులింటికి వస్తుంది. ముసలాయన్ను కాపాడే దారి చెప్పి, ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. తానెవరో బయటపెడుతుంది. పంతులు ఒప్పుకొని ముందుకు వచ్చిన క్షణంలో తానే వద్దంటుంది.

ఇక్కడ ముసుగు కింద అతీతశక్తి లేదు. సంఘం వెలివేసిన మనిషి ఉంది. వేషం తీసింది ఆమె, పరీక్షకు నిలబడవలసి వచ్చింది పంతులు. వేశ్యల్ని గడప తొక్కనివ్వని సంస్కర్త తన నియమానికీ, ఎదుట నిలబడ్డ మనిషికీ మధ్య ఇరుక్కుంటాడు. తర్వాత గిరీశం బండారం కూడా బయటపడి, బుచ్చమ్మ అతని చేతికి చిక్కకుండా పోతుంది. పీటర్ ముసుగు తీస్తే కెమెరాలు మెరిశాయి. చూస్తున్న జనంలో ఒక్కడైనా తన గురించి సిగ్గుపడ్డాడా? అక్కడ జనం ప్రేక్షకులు, గురజాడ దగ్గర ప్రేక్షకుడే ముద్దాయి.

ఇదంతా తరగతిలో చెప్పి, నాకు నేనే మెచ్చుకుంటున్న వేళ వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "ముసుగు తీసీసినాక మధురవాణి ఎక్కడికెల్లిపోనాది మేష్టారూ?" అన్నాడు. స్పైడర్‌మాన్‌కు వచ్చే నెల సంచిక ఉంది. ఆమెకు పంతులు ఇచ్చిన భగవద్గీత ఉంది, అంతే. ఆ పుస్తకంతో ఆమె ఏ ఊళ్లో, ఎలా బతికిందో గురజాడ రాయలేదు. ఆ మాటే వాడికి చెప్పాను. వాడు కూర్చోలేదు.