ప్రయోగశాల నివేదికయే తుది తీర్పా?

నేరపరిశోధనలో విజ్ఞానశాస్త్రానికి నేడు గొప్ప గౌరవం లభించినది. "వ్రేలిముద్ర దొరికినది, డి.ఎన్.ఎ. కలిసినది" అను వార్త పత్రికలో కనబడగానే కేసు తేలిపోయినట్లే మనము భావింతుము. డిటెక్టివు నవలలు, సినిమాలు ఈ నమ్మకాన్ని మరింత పెంచినవి. ప్రశ్నింపకుండ నమ్ముటను విజ్ఞానదృష్టి అనలేము.

శాస్త్రం యొక్క శక్తిని ఎవరూ కాదనరు. వ్రేలిముద్రల కార్యాలయం 1897లోనే కలకత్తాలో ఏర్పడినది. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. ముద్రను కనుగొనెను. కొద్ది సంవత్సరాలకే హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీసింగ్ మన దేశంలో అట్టి పద్ధతిని రూపొందించెను. ఒకే అండం నుండి పుట్టిన కవలలను మినహాయించినచో, ఒకరి డి.ఎన్.ఎ. మరొకరి దానితో పూర్తిగా కలియదు.

అయితే ప్రయోగశాల చెప్పగలిగినది తన బల్ల మీదికి వచ్చిన రెండు నమూనాలు సరిపోలినవా, లేదా అనునంతవరకే. ఆ నమూనాను ఎక్కడ, ఎవరు తీసిరి, దారిలో అది ఎందరి చేతులు మారినది అను ప్రశ్నలకు యంత్రం జవాబీయదు.

ఎల్లంతకుంట వంటి ఊరిలో ఒక నేరం జరిగినదనుకొందము. నెత్తురంటిన తడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఎండాకాలంలో పది రోజులు ఠాణాలో ఉంచినచో, తేమకు, వేడికి సూక్ష్మజీవులు పెరిగి డి.ఎన్.ఎ.ను చెరుపును. గుడ్డను నీడలో ఆరబెట్టి, కాగితపు కవరులో ఉంచి, సీలు వేయవలెను. ఎవరు, ఎప్పుడు, ఎవరికి అందించిరో వ్రాయవలెను. ఇందులో ఒక్కటి తప్పినను, రాజధానిలోని ఖరీదైన యంత్రం ఆ లోపాన్ని సరిదిద్దజాలదు.

కోర్టులలో ఇట్టి లోపాలు బయటపడుచునే ఉన్నవి. 2012 నాటి ఢిల్లీ ఛావ్లా కేసులో ఫిబ్రవరి 14, 16 తేదీలలో తీసిన నిందితుల నమూనాలు 27వ తేదీ వరకు పోలీసు మాల్‌ఖానాలోనే ఉన్నవి. మరణశిక్ష పడిన ముగ్గురిని 2022 నవంబరులో సుప్రీంకోర్టు విడుదల చేసినది. డి.ఎన్.ఎ. నివేదిక ఏ ఆధారాలపై తయారైనదో క్రింది కోర్టులు పరిశీలింపలేదని కూడ తప్పుపట్టినది.

మన తెలుగునాట, 2007 డిసెంబరులో విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక విద్యార్థిని హత్యకు గురైనది. 2010లో క్రింది కోర్టు ఒక యువకునికి శిక్ష వేసినది. ప్రాసిక్యూషను చూపిన సాక్ష్యాలలో డి.ఎన్.ఎ. నివేదిక కూడ ఉన్నది. అయినను 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. అప్పటికి అతడు ఎనిమిదేండ్లకు పైగా జైలులో గడిపెను. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. 2019 డిసెంబరులో, పన్నెండేండ్ల తరువాత, సమాధిని త్రవ్వి మరల పరీక్షింపవలసి వచ్చినది. సాక్ష్యం నిలువనప్పుడు జైలులోని వానికీ, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకూ ఇద్దరికీ నష్టమే.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేక అంతకు మించి శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వెళ్లవలెనని చెప్పుచున్నది. ఇందుకు రాష్ట్రాలకు ఐదేండ్ల వరకు వ్యవధి కూడ ఇచ్చినది. డి.ఎన్.ఎ. నమూనాలు 48 గంటలలో ప్రయోగశాలకు చేరవలెనని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇవి మంచివే. కాని పల్లెలో మొదట స్థలానికి చేరువాడు ఠాణా కానిస్టేబులు. అతనికి తగిన శిక్షణ, కవర్లు, సీళ్లు లేనిచో చట్టం కాగితానికే పరిమితమగును.

ఉపాధ్యాయులు గాజుగ్లాసుపై పౌడరు చల్లి వ్రేలిముద్రను చూపుట తేలిక. దానితోపాటు ఒక పొట్లాన్ని పదిమంది విద్యార్థుల చేతులు మార్పించి, ప్రతివాని సంతకం తీసికొని, నడుమ ఒక్క సంతకం లేకుండ చేయవలెను. పొట్లంలోని వస్తువు మొదటిదే అని ఎట్లు ఋజువు చేయుదురో పిల్లలనే అడుగవలెను. న్యాయస్థానం అడుగవలసిన ప్రశ్న కూడ అదియే.