గేదెలను తరిమితే ఏమైంది?
పార్కుల నిర్వహణ చదువుపై ఒక విమర్శ

డిగ్రీలో పర్యావరణం పేపరు చదివిన వారందరికీ ఈ నిర్వచనం గుర్తుండే ఉంటుంది: జీవులను వాటి సహజ ఆవాసంలోనే కాపాడటం స్వస్థాన సంరక్షణ, జాతీయ పార్కులు, అభయారణ్యాలు ఇందుకు ఉదాహరణలు. పర్యావరణ విద్య అందరికీ తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పిన తర్వాత ఈ వాక్యం బి.కాం. విద్యార్థి దాకా చేరింది. మంచిదే. వాక్యంలో తప్పు కూడా లేదు, రెండు మార్కులకు సరిపోతుంది. అయితే దీన్ని చదివిన వారికి పార్కు అంటే ఏమని తోస్తుంది? చుట్టూ హద్దు గీసి, మనుషులను, పశువులను బయటికి పంపి, కాపలా పెడితే చాలు, లోపల ప్రకృతి తన పని తాను చూసుకుంటుందని! పార్కుల నిర్వహణ అనే శాస్త్రం మొదలయ్యేదే ఈ నమ్మకాన్ని అనుమానించడంతో. మన పాఠ్యపుస్తకాలు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి చూడండి. అక్కడి కేవలాదేవ్ పార్కు విస్తీర్ణం దాదాపు 29 చదరపు కిలోమీటర్లు. దీన్ని 'సహజ ఆవాసం' అనడానికే కొంచెం తటపటాయించాలి. భరత్‌పూర్ రాజులు బాతుల వేట కోసం కట్టలు పోయించి, అజాన్ బంద్ నుంచి నీరు మళ్లించి తయారు చేయించిన చిత్తడి నేల అది. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా ఆ నీళ్లలోనే మేసేవి.

అది జాతీయ పార్కు అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పశువుల మేతను నియంత్రించి అనుమతించవచ్చు, జాతీయ పార్కులో అనుమతించకూడదు. ఈ తేడాను మన విద్యార్థులు పట్టికలా బట్టీ పడతారు. భరత్‌పూర్‌లో ఆ తేడాకు ప్రాణాలు పోయాయి. 1982 నవంబరులో మేతను నిషేధించినప్పుడు గ్రామస్థులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో కొందరు మరణించారు.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. గేదెలు లేకపోయేసరికి పాస్పాలమ్ అనే గడ్డి నీళ్లలో విపరీతంగా పెరిగింది. మడుగులను కమ్మేసింది. బాతులకు కావలసిన తెరపి నీరు తగ్గిపోయింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1980 నుంచి పదేళ్లపాటు ఇక్కడ పరిశోధన చేసి, ఆ గడ్డిని ఇన్నాళ్లూ అదుపులో ఉంచింది గేదెలేనని తేల్చింది. మేత ఆపాలని అంతకుముందు కోరిన వారిలో పక్షి శాస్త్రజ్ఞులూ ఉన్నారు. పదేళ్ల కొలతలు చూసి అభిప్రాయం మార్చుకోవడం శాస్త్రానికి తలవంపు కాదు, గౌరవం. తర్వాత ఊరివాళ్లను లోపలికి రానిచ్చి, కొడవలితో గడ్డి కోసుకుపోనిచ్చారు. గేదె నోరు చేసిన పనిని మనిషి చెయ్యి పూర్తిగా చేయగలదా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ తొందరపడి ఇంకో మాట అనేస్తారు: గేదెలను తరమడం వల్లనే సైబీరియా కొంగలు రాకుండా పోయాయని. అలా తేల్చేయడానికి లేదు. 1964-65 చలికాలంలో దాదాపు 200 కొంగలు వచ్చేవి. నిషేధానికి చాలా ముందునుంచే వాటి సంఖ్య పడిపోతూ వచ్చింది. అవి వచ్చే దారిలో వేట కూడా ఉంది. 2001-02 చలికాలం తర్వాత అవి కనిపించలేదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదన్న సంగతిని ఏ గణాంక శాస్త్రం పుస్తకం కన్నా భరత్‌పూర్ బాగా నేర్పగలదు. ఎగువన పాంచనా ఆనకట్ట కట్టాక నీటి కరువు వచ్చి, ఎండిన నేలలో సర్కారు తుమ్మ అల్లుకుంది. అది మరో అధ్యాయం. అందులో జీవశాస్త్రం కంటే రైతుల నీటి తగాదాయే ఎక్కువ.

ఇదంతా ఎక్కడో ఉత్తరాదిన అనుకోనక్కర లేదు. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. 614 హెక్టార్లు. రక్షణ దొరికి కృష్ణజింకలు పెరిగి రైతుల పొలాల మీద పడ్డాయి. బట్టమేక మాత్రం తగ్గిపోయింది. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెట్టి, కంచె దాటి దూరంగా తిరిగే పక్షిని కంచె ఒక్కటే ఎలా కాపాడుతుంది?

ఈ విద్యను వృత్తిగా ఎంచుకునే వారికి డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం వంటి చోట్ల ఎం.ఎస్‌సి. ఉంది. అక్కడ సీట్లు కొద్ది. పార్కు పక్క ఊళ్లో పుట్టి, రేపు గ్రామసభలో కూర్చునే విద్యార్థి మాత్రం మామూలు కాలేజీలోనే చదువుతాడు. అతనికి పార్కుల పేర్లు, రాష్ట్రాలు జతపరచమనే ప్రశ్నే ఎదురవుతుంది. గేదెలను ఆపాలా వద్దా, ఆపితే ఏ ఏ కొలతలు ముందే తీసిపెట్టుకోవాలి, ఎవరిని అడగాలి అన్న ప్రశ్న రాదు.

ప్రయోగశాల లేదనే సాకు ఇక్కడ చెల్లదు. చాలా ఊళ్లలో చెరువు ఉంది, మేసే గేదెలున్నాయి. ఊరివాళ్లను అడిగి చెరువు అంచున రెండు చోట్ల సమానంగా కొలిచి, ఒకదానికి కంచె వేసి, ఇంకోదాన్ని వదిలేసి, నెలకోసారి గడ్డి ఎత్తు, తెరపి నీరు, వచ్చిన పక్షులు రాసుకుంటే ఏడాదికి ఒక పాఠం తయారవుతుంది. నాలుగు గుంజలు, కాస్త ముళ్లకంప, ఒక నోటుపుస్తకం కావాలి.