అందంగా 'ఉండేది'

మన మారువేషాల కథల్లో మోసపోయేవాడు ఎప్పుడూ అవతలి పక్షం వాడే. 'మాయాబజార్' (1957)లో చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ శశిరేఖా అభిమన్యుల మధ్యకి ఆస్తి అడ్డొస్తుంది. పాండవుల రాజ్యం పోయాక రేవతికి ఆ సంబంధం రుచించదు. అప్పుడు శశిరేఖ రూపంలో ఘటోత్కచుడొచ్చి కూర్చుంటాడు. నవ్వులపాలయ్యేది లక్ష్మణకుమారుడు. అసలు శశిరేఖ ఎక్కడుందో అభిమన్యుడికి తెలుసు కాబట్టే మనం నిశ్చింతగా నవ్వగలిగాం.

ఆ నకిలీ శశిరేఖని అభిమన్యుడి దగ్గరికే పంపితే? పంపింది శశిరేఖే అయితే?

2015లో ఎమ్‌బీసీ ఛానల్‌లో వచ్చిన 16 ఎపిసోడ్ల కొరియన్ డ్రామా 'షీ వాజ్ ప్రెట్టీ' కథ దాదాపు ఇదే. కిమ్ హే-జిన్ (హ్వాంగ్ జంగ్-ఉమ్) చిన్నప్పుడు అందగత్తె, కలిగినింటి పిల్ల. జీ సంగ్-జూన్ (పార్క్ సియో-జూన్) లావుగా, బెరుగ్గా ఉండే పిల్లాడు. అతను అమెరికా వెళ్ళిపోతాడు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చేసరికి లెక్క తలకిందులు. హే-జిన్ వాళ్ళ నాన్న వ్యాపారం దెబ్బతింది, ఆమెకి ఉద్యోగం లేదు, రింగుల జుట్టు, ఎర్రబడ్డ చెంపల మీద మచ్చలు. కలుద్దామనుకున్న చోట అతను ఆమె ముందు నుంచే దాటిపోయి ఇంకో అమ్మాయిని పలకరిస్తాడు. దాంతో ఆమె తన రూమ్మేట్ హా-రీని తన పేరుతో పంపిస్తుంది. తర్వాత అతనే ఆమె ఆఫీసులో బాస్‌గా దిగుతాడు.

వినడానికి పాత ఫార్ములాలాగే ఉంటుంది. కానీ ఇక్కడ దాక్కునేది ప్రేమ కోసం కాదు, సిగ్గుతో. ముప్పైల్లో ఉన్న నాలాంటివాళ్ళకి ఈ సిగ్గు బాగా తెలుసు. స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో రీయూనియన్ మాట రాగానే కొందరు మెసేజ్ చూసి ఊరుకుంటారు. చాలాసార్లు వాళ్ళే క్లాస్ టాపర్లు. మనల్ని ఎవరో చిన్నచూపు చూస్తారన్న భయం కన్నా, వాళ్ళ జ్ఞాపకంలో మనం ఇంకా బాగున్నామన్న సంగతే ఎక్కువ బాధపెడుతుంది. ఆ బొమ్మని పాడుచేయడం ఇష్టం లేక వెళ్ళం. హే-జిన్ చేసింది కూడా అదే. కొరియన్ టైటిల్‌కి అర్థం 'ఆమె అందంగా ఉండేది' అని. కథ బరువంతా ఆ భూతకాలం మీదే ఉంది.

మరి సంగ్-జూన్? అతనికి వానంటే భయం, తల్లి వానలో కారు ప్రమాదంలో పోయింది. వానలో అతను బిగుసుకుపోయినప్పుడు హే-జిన్ చిన్నప్పటిలాగే అతని తలమీద బట్ట కప్పుతుంది. ఆ ఊరట అతనికి తెలుసు, మనిషే తెలియదు. ఆఫీసులో అదే పేరున్న అమ్మాయిని కసురుతూ, బయట ఆ పేరు గల జ్ఞాపకాన్ని ప్రేమిస్తుంటాడు. అతను వెతికింది స్నేహితురాలినా, లేక తన బాల్యాన్నా అన్న ప్రశ్న ఈ డ్రామాలో అసలైన ప్రశ్న.

చిన్నప్పుడు వాళ్ళిద్దరూ కూర్చిన పజిల్, రెన్వార్ 1883లో వేసిన 'డాన్స్ ఇన్ ది కంట్రీ'. నాట్యం చేసే జంటని అందరూ చూస్తారు, మూల నుంచి తొంగిచూసే స్త్రీని ఎవరూ పట్టించుకోరు. హే-జిన్ తనని ఆమెతోనే పోల్చుకుంటుంది.

దర్శకుడు జంగ్ డే-యూన్, రచయిత్రి జో సంగ్-హీ ఇంతవరకూ బాగానే తీసుకొచ్చి, దాదాపు సగం దారిలో వెనకడుగు వేశారు. హే-జిన్ జుట్టు సాఫీ చేయించుకుని, మచ్చలు కప్పుకుని, కొత్త బట్టల్లో ఆఫీసుకొస్తుంది. ఆ తర్వాతే ప్రేమ ఊపందుకుంటుంది. అంతకుముందే అతని మనసు కదిలిందని వాదించొచ్చు. అయినా నాకు సరిపోలేదు. మూలనున్న స్త్రీని చూడటం నేర్చుకోవాల్సింది అతను. డ్రామా మాత్రం ఆమెనే నడిపించుకొచ్చి బొమ్మ మధ్యలో నిలబెట్టింది. చివర్లో రింగుల జుట్టు తిరిగొస్తుంది నిజమే. కానీ అప్పటికి ప్రేమ ఖాయమైపోయింది, పరీక్ష అయిపోయాక ఇచ్చిన ప్రశ్నాపత్రంలా ఉంటుంది.

ఈ లోటుని కాపాడింది హా-రీ (గో జూన్-హీ). అరువు పేరుతో వెళ్ళి, నిజంగా ప్రేమలో పడి, రోజూ ఇంటికొచ్చి ఆ పేరు అసలు యజమానితో కలిసి అన్నం తినాల్సిన మనిషి. ఆమెని విలన్‌ని చేయడం చాలా తేలిక, చేయలేదు. నిజం బయటపడ్డాక నన్ను కదిలించింది ప్రేమికుల కలయిక కాదు, ఈ ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య మాటలు. ఎందుకంటే హే-జిన్ రింగుల జుట్టునీ, ఉద్యోగం లేని రోజుల్నీ, ఏడుపునీ రోజూ చూసింది హా-రీ ఒక్కతే. పదిహేనేళ్ళ కిందటి బొమ్మతో ఆమెకి పనిలేదు.

అందుకే దీన్ని ప్రేమకథగా చూస్తే సగం మార్కులే వేస్తాను. స్నేహం కథగా చూస్తే మాత్రం ఇంకోసారి చూడమంటాను. ఈసారి సంగ్-జూన్ ఎప్పుడు గుర్తుపడతాడా అని కాకుండా, హా-రీ ఎప్పుడు నోరు విప్పుతుందా అని ఎదురుచూడండి.