అయస్కాంతపు గింజ వెదకునది ఏది?

ఒంటిలో దిగిన ఇనుపముక్కను అయస్కాంతముతో లాగవచ్చునన్న సంగతి భారతీయ వైద్యులకు కొత్తది కాదు. శల్యములను తీయు ఉపాయములను వివరించుచు సుశ్రుత సంహిత అయస్కాంతమును కూడ వానిలో చేర్చినది. అయితే దిగిన ములికికి కొక్కెములు లేకుండవలెననియు, గాయము నోరు తెరచుకొని యుండవలెననియు అక్కడనే హద్దులు పెట్టినది. సాధనమును మెచ్చుకొనునప్పుడే దాని హద్దును కూడ చెప్పుట మంచి శాస్త్రపద్ధతి. నేడు రొమ్ము కాన్సరు శస్త్రచికిత్సలో వాడుకకు వచ్చిన అయస్కాంతపు గింజను గురించి ముచ్చటించువారు మొదటి పని చక్కగా చేయుచున్నారు. రెండవదానిని తరచుగా మరచుచున్నారు. అయస్కాంతమే కాన్సరు గడ్డను పట్టియిచ్చునన్న అభిప్రాయము ఆ విధముగనే వ్యాపించుచున్నది. అది ఎంతవరకు నిజమో పరిశీలింపదగును.

చేతికి తగులని చిన్న గడ్డ మామోగ్రాంలోనో అల్ట్రాసౌండులోనో కనబడును. రోగిని శస్త్రచికిత్స బల్లపై పరుండబెట్టిన తరువాత శస్త్రవైద్యునికి ఆ చిత్రము చాలదు. మెత్తని కణజాలములో ఆ చోటు ఎక్కడనో వ్రేళ్ళకు తెలియదు. ఎక్కువ కోసినచో రొమ్ము రూపు చెడును. తక్కువ కోసినచో వ్యాధి మిగిలి, మరల కోయవలసి వచ్చును. ఈ చిక్కు తీర్చుటకు 1970ల నుండి కొక్కెపు తీగ వాడుకలోనున్నది. శస్త్రచికిత్స నాటి ఉదయము ఎక్స్-రే వైద్యుడు సన్నని తీగను గడ్డలోనికి దింపును. దాని కొస చర్మము వెలుపల వ్రేలాడుచుండును. రోగి ఆ తీగతోనే థియేటరుకు పోవలెను. తీగ జరుగవచ్చును. ఎక్స్-రే వైద్యుడు ఆలస్యము చేసినచో శస్త్రవైద్యుడు చేతులు కట్టుకొని కూర్చుండవలెను.

ఈ తీగకు బదులుగా వచ్చినదే గింజ. ఇది 5 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు ఒక మిల్లీమీటరు మందము గల ఉక్కుముక్క, బియ్యపుగింజకంటె చిన్నది. దీనిని సూదిగుండా గడ్డలో విడిచెదరు. ఇది స్వయముగా అయస్కాంతము కాదు. శస్త్రవైద్యుని చేతిలోని కడ్డీ నుండి వెడలు, మార్పుచెందుచుండు అయస్కాంత క్షేత్రము సోకినప్పుడు మాత్రమే అది అయస్కాంతత్వము పొందును. ఆ ప్రతిస్పందనను కడ్డీ కొలచి, అంకెగాను ధ్వనిగాను తెలుపును. దగ్గరకు పోయినకొలది అంకె పెరుగును, ధ్వని హెచ్చును. లండను యూనివర్సిటీ కాలేజీ, అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయము, ఈ రెండింటి భౌతికశాస్త్ర పరిశోధనల నుండి 2007లో పుట్టిన ఎండోమాగ్ అను సంస్థ దీనిని తయారుచేసినది. 2016లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. మొదట గింజను 30 దినములకు మించి ఒంటిలో ఉంచరాదను నియమముండెను. 2018లో ఆ గడువును సడలించిరి.

గింజ గుణములు కాదనరానివి. వెలుపల వ్రేలాడు తీగ లేదు. గింజ పెట్టు దినము, కోయు దినము వేరుగా ఉండవచ్చును. రేడియోధార్మిక అయొడిన్ గింజలకు వలె కిరణముల భయము లేదు. కాని ఫలితములను తూచినప్పుడు ఉత్సాహమును కొంచెము తగ్గించుకొనవలెను. బ్రిటనులో రెండువేలకు పైగా రోగులపై జరిపి 2022లో ప్రకటించిన పరిశీలనలో తీగయు గింజయు రెండును నూటికి 99కి మించి గడ్డ చోటును సరిగా చూపినవి. రెండవసారి కోయవలసి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అనగా గింజ పనిని సుకరము చేసినది. చికిత్స ఫలమును పెద్దగా మార్చలేదు.

దోషములును కలవు. మామూలు ఉక్కు కత్తెరలు, పట్టకార్లు దగ్గరనున్నచో కడ్డీ తప్పు చెప్పును. ప్లాస్టిక్ లేక టైటానియం పనిముట్లు వేరుగా కొనవలెను. గింజ మూడు నాలుగు సెంటీమీటర్ల లోతునకు మించినచో జాడ తెలియుట కష్టము. గింజ ఉన్నంతకాలము ఎం.ఆర్.ఐ. చిత్రములో దానిచుట్టు పెద్ద నల్లని మచ్చ పడి, చూడవలసినది కప్పుపడును. యంత్రము ఖరీదు ఒకయెత్తు. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క కొత్త గింజ మరియొకయెత్తు.

ఇవన్నియు సర్దుకొనదగిన లోపములే. అసలు ఆక్షేపణ వేరు. కడ్డీ గడ్డను వెదకదు. గడ్డను ముందే కనిపెట్టినవారు పెట్టిన గుర్తును వెదకును. గుర్తు తప్పుచోట పడినచో ఎంత చక్కని ధ్వనియైనను తప్పుచోటికే దారి చూపును. గుర్తు పెట్టువారే లేనిచోట ఆ ధ్వని వినబడుట కల్ల.

కర్నూలు నగరములో కలిసిపోయిన కల్లూరును తీసికొందము. కర్నూలు వైద్యకళాశాల 1956లో ఏర్పడినది. ప్రభుత్వ కాన్సరు సంస్థయు అదే నగరమునకు వచ్చినది. దూరము అడ్డు కాదు. అయినను కల్లూరులోగాని, ఆ మండలములోని ఉలిందకొండ వంటి గ్రామములలోగాని ఉల్లి కోతకో వేరుసెనగ పీకుటకో పోవు స్త్రీ రొమ్ములో గడ్డ తగిలినను వెంటనే చెప్పుకొనదు. అది నొప్పి పెట్టదు. నొప్పి లేనిది రోగముగా తోచదు. ఆసుపత్రికి పోయిన నాటి కూలి పోవును. సిగ్గు ఉండనే ఉన్నది. ఆమె వచ్చునప్పటికి గడ్డ చేతికి తగులుటయే కాదు, కొన్నిసార్లు కంటికే కనబడుచుండును. ఆ గడ్డను వెదకుటకు గింజ అక్కరలేదు. 2022 అంచనాల ప్రకారము భారతదేశములో ఆ యేడు రొమ్ము కాన్సరు 1,92,000 మందికి కొత్తగా సోకినది; 98,000 మంది దానితో మరణించిరి. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండుటకు ముఖ్యకారణము ఆలస్యము. తీగలోని లోపము కాదు.

ఆలస్యమునకు మందు ఉన్నదా? ముంబయిలోని టాటా స్మారక కేంద్రము 1998లో ఆరంభించి 1,51,538 మంది స్త్రీలపై ఇరువది యేండ్లు నడపిన పరిశోధన 2021లో వెలువడినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్ల కొకసారి చేతితో పరీక్షించిన వర్గములో ముదిరిన దశలో బయటపడినవారు నూటికి 37. పరీక్షలు లేని వర్గములో 47. ఏబది యేండ్లు దాటిన స్త్రీలలో మరణములు దాదాపు నూటికి 30 వంతులు తగ్గినవి. అన్ని వయస్సులను కలిపి చూచినచో తగ్గుదల స్వల్పము, నిశ్చయముగా చెప్పదగినది కాదు; ఈ హద్దును కూడ మరువరాదు. తెలుగు రాష్ట్రములలో 2012–2016 నడుమ ఉషాలక్ష్మి రొమ్ము కాన్సరు ఫౌండేషన్ పూనికతో పల్లెలలో రెండు లక్షలకు పైగా స్త్రీలకు ఇట్టి చేతిపరీక్ష జరిగినది. ఆ పనికి కావలసినది శిక్షణ పొందిన చేతులు.

అయితే గింజను పూర్తిగా త్రోసివేయుట కూడ అన్యాయమే. పెద్ద గడ్డతో వచ్చిన స్త్రీకి నేడు తరచుగా మొదట కీమోథెరపీ ఇచ్చెదరు. మందు బాగుగా పనిచేసినచో నాలుగైదు నెలలలో గడ్డ కరగి చేతికి అందకపోవచ్చును. అప్పుడు సంతోషముతోపాటు చిక్కు వచ్చును: కోయవలసిన చోటేది? మొదటనే గుర్తు పెట్టనిచో రొమ్మును నిలుపుకొనగలిగిన స్త్రీకి కూడ రొమ్మంతయు తీసివేయవలసి రావచ్చును. ఆలస్యముగా వచ్చు రోగులు హెచ్చుగాగల రాయలసీమ వంటి ప్రాంతమున గుర్తు విలువ ఇక్కడ తెలియును. ఆ గుర్తు అయస్కాంతపు గింజయే కానక్కరలేదు. మొదటి మందు ఎక్కించుటకు పూర్వమే గడ్డలో ఒక చిన్న లోహపు క్లిప్పు పెట్టి, ఆ సంగతి రోగి చీటిలో వ్రాసినచో, శస్త్రచికిత్స నాడు దానిని చూచి తీగ దింపవచ్చును. గింజయైనచో ఆ చివరి మెట్టు తప్పును. అది సౌకర్యము. మొదటి గుర్తు మాత్రము అవసరము.

కనుక గింజను కొనదలచిన ఆసుపత్రి ముందుగా తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు మూడు. గడ్డ తగిలిన స్త్రీ ఎన్ని దినములకు వచ్చుచున్నది? వచ్చినదానికి సూదిపరీక్ష ఎన్ని దినములలో జరుగుచున్నది? కీమోథెరపీకి ముందు ఆ చోటున గుర్తు పడుచున్నదా? ఈ మూడింటికి తృప్తికరమైన జవాబున్నచోట అయస్కాంతపు గింజ మంచి పనిముట్టు. లేనిచోట అది ఖరీదైన ధ్వని.