మోతీనగర్ నడక

నడక చేతనైన మనుషుల్ని చూడాలంటే పొద్దున్నే హైదరాబాద్ మోతీనగర్ వీధుల్లోకి రావాలి. బోరబండ వైపు తిరిగితే ఎత్తుపల్లాలు మొదలవుతాయి. రోజూ నడిచేవాళ్లు ఎత్తు రాగానే అడుగు చిన్నది చేస్తారు, మాట ఆపుతారు, పైకెక్కాక ఆగిన కబురు మళ్లీ అందుకుంటారు. ఏళ్ల తరబడి కాళ్లు నేర్చుకున్న పనితనం అది.

జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవిలో నెమళ్లున్నాయి, నీడ ఉంది. ఆదివారం వెళ్తే హాయే. కానీ నా ఓటు వీధి నడకకే. ఇక్కడ ఇస్త్రీ బండి ఆయన "ఏం సార్, నిన్న కనబడలేదు?" అంటాడు. ఆ ఒక్క మాటకే మర్నాడు మంచం దిగబుద్ధవుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పలకరించే మనిషుంటే ఆ లెక్క చూసుకోవాల్సిన పనే ఉండదు.

చేతిలో సంచి ఉంటే ఎర్రగడ్డ రైతుబజారు మీదుగా తిరిగి రావచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన ఈ బజార్లలో దళారి లేకుండా రైతే అమ్ముతాడు. తడి ఆరని గోంగూర కట్ట, లేత బెండకాయలు దొరికేది ఆ వేళకే.

రాత్రి భోజనమయ్యాక ఇంకో చిన్న చుట్టు వేస్తే మరీ మంచిది. కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఆ వేళ బయటికొచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఫుట్‌పాత్ మీద బండి ఆపేవాళ్లు వాళ్ల కోసం ఆ కాస్త దారి వదిలిపెట్టాలి.