పాకమున పులుపు: కామారెడ్డి విందులలోని డబల్ కా మీఠా

నిజామాబాదు నుండి విడివడి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా నేర్పడిన కామారెడ్డియందును, ఆ జిల్లాలోనిదే యగు ఎల్లారెడ్డి ప్రాంతమునందును, పెండ్లివిందులో బిర్యానీ ముగియు వేళకు నేతిలో వేగి, పాలలో నాని, పాకముతో నిండిన డబల్ కా మీఠా వడ్డనకు వచ్చుట సుపరిచితమైన విషయము. హైదరాబాదు ముస్లిం వంటశాలలలో రూపుదాల్చిన యీ తీపి మతభేదము లేక తెలంగాణమంతటను వ్యాపించినది. ఆంగ్లేయుల బ్రెడ్ పుడ్డింగునకు ఇది దగ్గరి చుట్టమే. అయినను వారు గ్రుడ్డుతో పాలను గట్టిపరచి సాధించిన మార్దవమును మనవారు నేయి, పాకము, చిక్కని పాలు అను మూటితో సాధించిరి. ఈ మార్పునందే వంటవాని ప్రతిభ యంతయు నున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ సీమలో తీపికి కొదువ లేదు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయము మంజీరా నదీజలములను కాలువలకు మళ్ళించి చెరకు సాగునకు ఊతమిచ్చినది. 1937లో బోధనులో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఆ చెరకును చక్కెరగా మార్చినది. అయితే చక్కెర పుష్కలముగా నున్నంత మాత్రమున తీపివంట రాణింపదు. దానిని అదుపులో నుంచుటయే నేర్పు.

మొదటి నేర్పు ఈ తీపికి ఆధారమైన బ్రెడ్డు రొట్టెయందే కలదు. అప్పుడే కాలిన మెత్తని రొట్టె పాకము తగిలినంతనే ముద్దయగును. ఒకనాడు నిలువయుండి తేమ తగ్గిన రొట్టెయైనచో, ముక్కలుగా కోసి సన్నని మంటపై నేతిలో ఎఱ్ఱగా వేయించినపుడు లోని నీరు ఆవిరియై పోయి, ఆ ఖాళీలు పాకమును త్రాగుటకు సిద్ధముగా నుండును. 400 గ్రాముల రొట్టెకు ఒక లీటరు పాలు సగమగువఱకు మరిగించి, కుంకుమపువ్వు, యాలకుల పొడి కలుపవలయును. వేయించునపుడు మంట పెంచి తొందరపడువారి రొట్టె పైన మాడి, లోన తేమగనే మిగులును.

పాకము సంగతి మఱింత సున్నితము. 350 గ్రాముల చక్కెరను 300 మిల్లీలీటర్ల నీటిలో కరగించి, వ్రేళ్ళ నడుమ జిగురు తగులగానే దింపవలెను. తీగపాకము వచ్చువఱకు నిలిపినచో అది రొట్టెలోనికి దిగక పైననే పేరుకొనును. దింపుటకు ముందు ఒక చెంచా నిమ్మరసము పిండుట పెద్దలు ఎఱిగిన ఉపాయము. ఆ ఆమ్లము చక్కెరలో కొంతభాగమును గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు సరళ శర్కరలుగా విడదీయును. అవి తోడున్నందున మిగిలిన చక్కెర తిరిగి పలుకులు కట్టదు. ఇంత చిన్న చెంచాలో ఇంత రసాయనశాస్త్రము ఇమిడియున్నదని తలచినపుడెల్ల నాకు మన వంటయిల్లాండ్రపై గౌరవము ద్విగుణీకృతమగును.

వేగిన ముక్కలను వెడల్పు గిన్నెలో పఱచి, వేడి పాకమును, పాలను పోసి, నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్మిస్, గింజ తీసిన ఖర్జూరము, నానబెట్టి ఉడికించిన కుబానీ (ఎండు ఆప్రికాట్) ముక్కలు చల్లి, మూతపెట్టి సన్నని సెగపై కొంతసేపు మగ్గనీయవలెను. పండ్లు చేరిన యీ పాత్రకు పుల్లని పండ్లరసము తోడైనచో మఱింత శోభ కలుగునని నా మనవి. ఇది పూర్వాచారము కాదు. నిమ్మచెంచా చూపిన దారిలో నేను జోడింపదలచిన యడుగు మాత్రమే.

నల్లగొండ తోటల బత్తాయిలు నాలుగింటి రసములో సగమును తీసికొని, 50 గ్రాముల చక్కెర, రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి, చిక్కబడువఱకు మాత్రమే సెగపై కలియబెట్టవలెను. దింపిన పిమ్మట మిగిలిన బత్తాయిరసమును, ఒక నిమ్మకాయ రసమును చేర్చవలయును. బత్తాయిరసము ఎక్కువసేపు కాగినచో చేదెక్కును గనుక ఈ జాగ్రత్త. పరిమళమునకై బత్తాయి తొక్క తురుమును కూడ చేర్చదలచినచో, పైనున్న రంగుపొర వఱకే తురుమవలెను. తెల్లని పొర తగిలినచో అదియును చేదే. ఈ రసమును వేడి పాలమీద పోసిన పాలు విరుగును. కావున మీఠాను చల్లారనిచ్చి, ఎవరి గిన్నెలో వారికి రెండేసి చెంచాలు వడ్డించునపుడే పోయవలెను. మిగిలిన రసమును సీసాలో నుంచి, మఱునాడు మీఠాతోడనే ముగింపవలెను.